పొరపడగలిగిన కన్ను

1989వ సంవత్సరం జూన్ నెల పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, మన వాణిజ్య చిహ్నాల నమోదు కార్యాలయం మూడో అంతస్తులో, ఒక కిటికీ రెక్క ఎప్పుడూ సరిగా మూతపడని పరిశీలన విభాగంలో, జూనియర్ పరిశీలకురాలిగా ఒక యువతి విధుల్లో చేరారు. చేతిలో నియామక పత్రం, భుజాన ఒక గుడ్డసంచి, లోలోపల నవ్వుకుంటున్నట్టుండే ఒక గాంభీర్యం తప్ప ఆనాడు ఆమె వెంట మరేమీ లేవని అప్పటి సహోద్యోగులు చెబుతారు. ఈ నెలాఖరున శిక్షణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేయనున్న ఆ మహనీయురాలిని మనమందరమూ ముఖాముఖిగా “మేడం గారు” అనీ, వారు వరండా మలుపు తిరగగానే “రేపు మేడం” అనీ పిలుచుకుంటూ వచ్చాం. ఈ రెండో పేరు సంగతి వారికి తెలియదనుకోవడం మన అమాయకత్వం. వారికి మొదటి వారంలోనే తెలుసు.

మనం చేసే పని ఏమిటో ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం మనలో చాలామందికి చేతకాలేదు. “సబ్బు బొమ్మలు చూసి జీతం పుచ్చుకుంటారు” అని మనలో ఒకరి అత్తగారు ఒక్క ముక్కలో తేల్చిపారేశారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు గానీ, ఈ సంచికను తిరగేసే కుటుంబ సభ్యుల కోసం మరొక్క ముక్క కలపాలి. ఒక వ్యాపారి తన సరుకు మీద వేసుకోదలచిన గుర్తు, అంతకుముందే మరొకరు వేసుకుంటున్న గుర్తును పోలి ఉండి, కొనేవారు ఒకదాన్ని చూసి మరొకటనుకునే ప్రమాదం ఉందా అన్నదే మన ప్రశ్న. వ్యాపారి మంచివాడా, కాడా అన్నది ఆ తర్వాతి సంగతి. కొనేవారెవరు అంటే, చట్టం ఒక మనిషిని ఊహించిపెట్టింది. ఆ మనిషి మరీ తెలివైనవాడూ కాడు, మరీ మందమతీ కాడు. తొందరలో ఉంటాడు, అయినా కళ్ళు తెరుచుకునే కొంటాడు. పోయిన నెల కొన్న డబ్బా మీద ఏమేం ఉన్నాయో అతనికి విడివిడిగా గుర్తుండదు, మొత్తమ్మీద ఎలా ఉండేదో మాత్రం లీలగా గుర్తుంటుంది. మేడం గారు తమ ఉద్యోగ జీవితమంతా ఈ మామూలు మనిషికే సేవ చేశారు. అతను ఏనాడూ కృతజ్ఞత చెప్పడానికి రాలేదు. తనకు సేవ జరుగుతోందని అతనికి తెలియదు కూడా.

మొదటి రెండేళ్ళలో వారికి వేరే పేరుండేది, అది “భూతద్దం”. రెండు లేబుళ్ళను బల్ల మీద పక్కపక్కన పరచి, స్కేలు పెట్టి, దీపం దగ్గరికి లాక్కుని, వెంట్రుక వాసి తేడాను సైతం పట్టుకోవడంలో వారిది అందెవేసిన చేయి. ఒక కొంగ బొమ్మకూ మరో కొంగ బొమ్మకూ మధ్య ముక్కు వంపు మొదలుకొని కాలి మడమ దాకా తేడాలు ఎంచి, రెండు పేజీల నివేదిక రాసి, రెండూ వేరువేరు గుర్తులని నిర్ధారించి, అప్పటి ప్రధాన పరిశీలకుల బల్ల మీద పెట్టారు. తలపండిన ఆ పెద్దాయన నివేదికను ఆసాంతం చదివి, అక్షరదోషం ఒక్కటి కూడా లేనందుకు మెచ్చుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

“కొనేవాళ్ళు పాత సబ్బు కాగితం చేత్తో పట్టుకుని దుకాణానికి పోతారా అమ్మా?”

ఆ ప్రశ్నను ఆమె ఇంటికి మోసుకెళ్ళారు. మర్నాడు ఉదయం వచ్చి కొంగల నివేదికను తామే చింపేశారు. తేడాలు ఎంచడం చేతనైనవారు పోలికను చూడలేరనీ, పక్కపక్కన పెట్టి చూడటం మన బల్లకున్న సదుపాయమే తప్ప కొనేవారికి లేదనీ, దుకాణంలో కంటి ముందు ఉండేది ఒకటే డబ్బా అనీ, రెండోది తలలో ఉంటుందనీ ఆ పెద్దాయన ఆ తర్వాత తీరిగ్గా వివరించారట. ఆమెకు మాత్రం వివరణ అక్కర్లేకపోయింది.

ఆనాటి నుంచి మేడం గారి పద్ధతి మారింది. ఇవాళ ఒక లేబుల్ చూస్తారు. చూసి సొరుగులో పెట్టి తాళం వేసి, వేరే పనిలో పడతారు. ఇంటికి వెళ్తారు, వండుతారు, పిల్లకు పాఠం చెబుతారు, నిద్రపోతారు. మర్నాడు వచ్చి రెండో లేబుల్ చూస్తారు. మొదటి చూపులోనే “నిన్నటిదే కదా” అనిపించిందా, లేక “ఇదేదో కొత్తది” అనిపించిందా, అన్నది ఒక చీటీ మీద రాసుకుని, ఆ తర్వాతే సొరుగు తెరిచి, రెంటినీ కలిపి, నియమాలన్నీ వరసగా పరీక్షిస్తారు. కంటికెలా ఉంది, చెవికెలా ఉంది, మనసులో ఏ భావం మిగిల్చింది. సరుకు ఒకే రకమా, ఒకే అరలో అమ్ముతారా. కొనేది చదువుకున్న వైద్యుడా, సంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఇల్లాలా. ఏ ఫైలు గురించి ఎవరు అడిగినా “రేపు చూద్దామండీ” అనడం వల్ల ఆ రెండో పేరు స్థిరపడింది. సోమరితనమని కొత్తవారు అనుకునేవారు. పాతవారు సరిదిద్దకుండా చోద్యం చూసేవారు.

1998లో విచారణాధికారిగా పదోన్నతి లభించాక ఈ పద్ధతి న్యాయవాదులకు తలనొప్పిగా పరిణమించింది. మేడం గారి విచారణ గదిలో ఇరుపక్షాల సరుకూ ఒకేసారి బల్ల మీదికి రాకూడదు. ఒకరి డబ్బాలు చూపిస్తే అవి స్టీలు బీరువాలోకి పోతాయి. రెండోవారి వంతు మర్నాడే. బయటి ఊళ్ళ నుంచి కాళ్ళకు చక్రాలు కట్టుకుని వచ్చే పెద్ద పెద్ద న్యాయవాదులు మొదట గునిశారు, తర్వాత పై అధికారులకు ఫిర్యాదు చేశారు, చివరికి హోటల్ గది రెండు రాత్రులకు తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. అలాగని మేడం గారిది మొండి పట్టూ కాదు. నీళ్ళ పంపులూ మరమగ్గాలూ వంటి యంత్రాల వివాదాల్లో రెండింటినీ పక్కపక్కనే పెట్టించేవారు; అంతంత ఖరీదు పెట్టి కొనేవారు వివరాల పుస్తకాలు ముందేసుకుని పోల్చి చూసే కొంటారు గనుక. కొనేవారి తీరును బట్టే చూసే తీరు ఉండాలన్నది వారి సిద్ధాంతం. వారి ఉత్తర్వుల్లో అప్పీలుకు వెళ్ళి వీగిపోయినవి బహు స్వల్పం.

ఇక వారి గృహస్థ జీవితం గురించి ఒక మాట చెప్పకపోతే తర్వాతి కథ అందదు. మేడం గారి భర్త ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. నల్లబల్ల మీద ఎంత పెద్ద లెక్కనైనా చిటికెలో తేల్చే ఆ మాస్టారు, సరుకులు తెమ్మని పంపితే మాత్రం ప్రతిసారీ ఏదో ఒకదాంట్లో పప్పులో కాలేసి వచ్చేవారు. పళ్ళపొడికి బదులు పాత్రలు తోమే పొడి, ఇంట్లో వాడే అగ్గిపెట్టెకు బదులు దాని తోబుట్టువులాంటి మరో అగ్గిపెట్టె. కూతురు పెద్దదయ్యాక తండ్రి తెచ్చిన సంచిని గుమ్మంలోనే తనిఖీ చేసే పదవి చేపట్టింది. “మీ నాన్న కోసమే గవర్నమెంటు నాకు జీతమిస్తోంది” అని మేడం గారు కూతురితో అనేవారట. అది వేళాకోళమని ఆ ఇంట్లో అందరూ అనుకునేవారు.

2009లో లాంతరు డబ్బా వివాదం వచ్చింది. నొప్పులకు రాసుకునే లేపనం. పచ్చని గుండ్రటి డబ్బా, మూత మధ్యలో వెలుగుతున్న లాంతరు, చుట్టూ పసుపు కిరణాలు. మన తాతల నాటి నుంచీ ప్రతి ఇంటి అలమరలోనూ ఒకటి ఉండేది. ఆ లాంతరు సంస్థ అభ్యంతరం చెప్పింది ముగ్గురు తోడికోడళ్ళ మీద. వాళ్ళు ఇంటి వెనక రేకుల షెడ్డులో అలాంటి లేపనమే కాచి, పచ్చ డబ్బాల్లో పోసి, మూత మీద లైట్‌హౌస్ బొమ్మ వేసి అమ్ముతూ, ఆ బొమ్మను తమ పేర నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకున్నారు. లైట్‌హౌస్ ఎందుకని అడిగితే, మామగారు బతికినంత కాలం లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే ఉద్యోగం చేశారనీ, ఈ లేపనం కాచే విధానం ఆయనే నేర్పి పోయారనీ పెద్దకోడలు నిలబడి చెప్పింది. చెప్పేటప్పుడు చేతిలోని పైట కొంగు తాడులా మెలితిరిగిపోయింది. నమోదు కాకపోతే పెద్ద దుకాణాలు ఆ డబ్బాను తీసుకోవు. తీసుకోకపోతే షెడ్డు మూతే.

విచారణ యథావిధిగా జరిగింది. మొదటి రోజు లాంతరు, రెండో రోజు లైట్‌హౌస్. రెండో రోజు మూత చూసిన క్షణాన మేడం గారికి పొరపాటు కాదు కదా, పొరపాటు నీడ కూడా తగలలేదు. లాంతరు కిరణాలు పొడవూ పొట్టీ కలిసి ఉన్నాయని, లైట్‌హౌస్ వెలుగు రెండు పక్కలకే చీలిందని, ఆ పచ్చకు పసుపు పాలు ఎక్కువని, ఈ పచ్చకు నీలం పాలు ఎక్కువని, నిన్నటి డబ్బా మొత్తంగా కళ్ళకు కట్టింది. ఈ రెండూ వేరు. అభ్యంతరాన్ని తోసిపుచ్చుతూ, తోడికోడళ్ళకు అనుకూలంగా ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. టైపు తప్పులు దిద్దడం పూర్తయ్యేసరికి పొద్దుపోయింది. సంతకం రేపు పెడదామని సొరుగులో పెట్టి ఇంటికి వెళ్ళారు.

ఆ సాయంత్రం మాస్టారు బజారు నుంచి వచ్చి, సంచిలోంచి ఒక పచ్చ డబ్బా తీసి భార్య ముందు పెట్టారు. ఆమె మోకాలి నొప్పి గురించి ఆయన కొన్నాళ్ళుగా దిగులు పడుతున్నారు. ఆఫీసు ఫైళ్ళ సంగతి ఇంట్లో ఎత్తకూడదన్న నియమం ఆమెకు ఉండబట్టి, ఈ వివాదం గురించి ఆయనకు ఒక్క అక్షరం తెలియదు.

“ఏమిటండీ ఇది?” అని ఆమె అడిగారు.

“నీ మోకాలికి లాంతరు మందు. మనింట్లో అయిపోయింది కదా.”

“ఇది లాంతరా?”

“లాంతరు కాకపోతే ఏమిటి? పచ్చ డబ్బా, మధ్యలో వెలుగు. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నాం.”

మూత మీద ఉన్నది లైట్‌హౌస్ అని ఆమె చెప్పలేదు, మూతను ఆయన కళ్ళ ముందుకు తిప్పలేదు. మంచిదని చెప్పి తీసుకుని వంటింటి గూట్లో పెట్టారు. వంట చేస్తున్నంతసేపూ ఆ డబ్బా గూట్లోంచి తననే చూస్తున్నట్టు అనిపించిందని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి చెప్పారు. తేల్చుకోవలసినవి రెండు విషయాలు. మొదటిది తేలికే: విచారణ బయట తెలిసిన సంగతిని తీర్పులోకి తీసుకురాకూడదు, కాబట్టి మాస్టారు గారి డబ్బా తోడికోడళ్ళ మీద సాక్ష్యం కాదు. రెండోదే గుండెలో గుచ్చుకుంది. లైట్‌హౌస్‌ను చూసి తాను పొరపడకపోవడానికి కారణం ఆ రెండు బొమ్మలూ వేరుగా ఉండటమా, లేక ఇరవై ఏళ్ళుగా బొమ్మలే చూస్తున్న తన కన్ను ఇక ఎవరి కన్నులానూ లేకపోవడమా? రాత్రి గడిచినా చెరగని జ్ఞాపకం ఉన్నవారికి సొరుగూ తాళమూ ఎందుకు పనికొస్తాయి? మామూలు మనిషి తరఫున కూర్చోవలసిన కుర్చీలో, మామూలుతనం పోగొట్టుకున్న మనిషి కూర్చుని ఉంది. ఆ రాత్రి ఆమె భయపడ్డారు. తీర్పు తప్పవుతుందన్న భయం అందరికీ ఉండేదే. తనకు ఉన్న ఒక్క పనిముట్టు పోయిందేమోనన్న భయం అది.

మర్నాడు ఉదయం సంతకం పెట్టకుండా ఆ కాగితాలతో కార్యాలయాధిపతి గదికి వెళ్ళారు. అప్పటి అధిపతి మంచి మనిషి, పైగా ఆచరణవాది. ఆ మరుసటి నెలలో ఉప అధిపతి పదవికి ఎంపిక జరగబోతోందని, జాబితాలో ఆమె పేరే మొదట ఉందని ఆయనకు తెలుసు. అది తనకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలియాలన్నట్టు తలుపు దగ్గరికి వేశారు. ఇంట్లో జరిగింది ఇంట్లోనే ఉంచమన్నారు. ఉత్తర్వు చక్కగా ఉందనీ, ఇరవై ఏళ్ళ అనుభవానికి “నా కన్ను పనికిరాదు” అని రికార్డులో రాసుకోవడం కన్నా చేజేతులా చేసుకునే చేటు ఉండదనీ నచ్చజెప్పారు. చివరికి, మాస్టారు గారు కాస్త మతిమరుపు మనిషి అనుకుని సంతకం పెట్టేయమన్నారు.

“ఆయన మతిమరుపు మనిషి కాదండీ, మామూలు మనిషి” అన్నారు మేడం గారు. “ఈ చట్టం ఆయన కోసం రాశారు. నా కోసం రాయలేదు.”

అధిపతి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ కాగితాలను ఆమె చేతికే తిరిగి ఇచ్చేశారని గుమాస్తాల ఉవాచ.

ఆ వారంలోనే మేడం గారు ఇరుపక్షాలనూ పిలిపించి, బహిరంగ విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పి, ఈ వివాదాన్ని తాను తేల్చలేనని ప్రకటించారు. లాంతరు సంస్థ తరఫు సీనియర్ న్యాయవాది ఎగిరి గంతేసినంత పని చేసి, ఆ డబ్బానూ మాస్టారు గారినీ సాక్ష్యంలోకి తీసుకోవాలని కోరారు. తోడికోడళ్ళ తరఫు యువ న్యాయవాది, తమకేమీ అభ్యంతరం లేదని, మేడం గారే కొనసాగాలని బతిమాలారు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది. నిర్ణయం చెప్పే మనిషి ఇంట్లోంచి సాక్ష్యం రాకూడదు. అలా ఇంట్లో సాక్ష్యం చూసేసిన మనిషి నిర్ణయం చెప్పకూడదు. అందరూ లేచి వెళ్తుండగా పెద్దకోడలు మాత్రం బల్ల దగ్గరే నిలబడిపోయింది.

“అమ్మా, మేం దొంగలం కాదని మీకు తెలుసు కదా” అంది.

“తెలుసమ్మా” అన్నారు మేడం గారు. “కానీ ఇక్కడ అడిగేది ఆ ప్రశ్న కాదు. అదే అయితే ఈ పాటికి సంతకం పెట్టేసేదాన్ని.”

ఆ మాట అన్నందుకు తమను తాము చాలాకాలం క్షమించుకోలేదట. విచారణాధికారి అంతమాత్రం కూడా చెప్పకూడదు. అయినా ఆ ఒక్క వాక్యం పట్టుకునే ఆ ఇంటివాళ్ళు ఆ ఏడాది నిలబడ్డారని తర్వాత తెలిసింది.

ఫైలు మరో అధికారి బల్ల మీదికి వెళ్ళింది. ఆ అధికారి ఈ వాక్యాలు రాస్తున్న వ్యక్తే గనుక అతని గురించి పొడిగించడం భావ్యం కాదు. అతనికి అప్పటికి ఆమె కన్నా అనుభవం తక్కువ, బొమ్మల జ్ఞాపకం అంతంత మాత్రం. ఆ లోపమే ఆనాడు అర్హతగా అక్కరకొచ్చింది. మొదటి రోజు లాంతరు చూసి, రెండో రోజు లైట్‌హౌస్ చూడగానే, చీటీ మీద “నిన్నటిదే” అని రాశాడు. ఆ తర్వాత దుకాణదారుల వాంగ్మూలాలు విని, రెండు డబ్బాలూ ఒకే అరలో ఒకే చేతి కిందికి వస్తాయని గమనించి, విడివిడిగా చూస్తే లాంతరుకూ లైట్‌హౌస్‌కూ పొంతన లేకపోయినా, పచ్చని గుండ్రటి మూతా నడుమ వెలుగూ కలిసినప్పుడు కొనేవారి మనసులో మిగిలే మొత్తం రూపం ఒకటేనని నిర్ణయించాడు. తోడికోడళ్ళది దురుద్దేశం కాదని ఉత్తర్వులో విడిగా ఒక పేరా రాశాడు. చట్టరీత్యా ఆ పేరా అక్కర్లేదు. కానీ రాయకుండా ఉండలేకపోయాడు.

ముద్రించుకున్న పచ్చ డబ్బాలన్నీ వృథా అయ్యాయి. ఒక కోడలు కొంతకాలం కుట్టుపనికి వెళ్ళింది. షెడ్డుకు తాళం పడిందనే అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి కొత్త దరఖాస్తు వచ్చింది: తెల్లని పలకల డబ్బా, దాని మీద నీలిగీతలతో అదే లైట్‌హౌస్, కాకపోతే పట్టపగలు, దీపం లేదు, పక్కన ఒక పడవ. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు అది చాలా దుకాణాల్లో దొరుకుతుంది. మేడం గారి మోకాళ్ళకు ఏ డబ్బా వాడుతున్నారో మాత్రం ఎంత అడిగినా ఆమె చెప్పలేదు.

ఉప అధిపతి పదవి ఆ ఏడు ఆమెకు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అది ఎవరికి వచ్చిందో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. పదవి వచ్చినవాడు మొహం చెల్లక ఆమె గదికి వెళ్తే, ఆమె కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, తనను శిక్షణ విభాగానికి మార్చే ఉత్తర్వు మీదే అతని మొదటి సంతకం పెట్టించుకున్నారు. లేబుళ్ళు కంటపడని చోట కొన్నాళ్ళుంటే కన్ను నెమ్మదిస్తుందేమోనని ఆమె ఆశ. నెమ్మదించకపోతే ఏం చేస్తారని అతను అడిగాడు. “పిల్లలకు పాఠం చెప్పుకుంటానయ్యా, పాఠం చెప్పడానికి చెడిపోయిన కన్ను చాలు” అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు.

ఆ విభాగంలో వారి చేతికింద తయారైన పరిశీలకులు నేడు ప్రతి అంతస్తులోనూ ఉన్నారు. వారికి ఆమె నేర్పిన మొదటి పాఠం పుస్తకంలో లేదు. భోజన విరామం ముగుస్తుందనగా అందరినీ బజారుకు తరిమి, సబ్బో అగ్గిపెట్టో గబగబా కొనుక్కురమ్మనేవారు. సరైనది తెచ్చినవారిని పొగిడేవారు కాదు. తప్పు తెచ్చి నీళ్ళు నమిలేవారిని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ చేతిలోంచి డబ్బా లాక్కోకుండా, ఏం గుర్తుపెట్టుకుని ఇది తెచ్చావని ఓపికగా అడిగేవారు. రంగా, ఆకారమా, బొమ్మా, ఆ అర ఉన్న చోటా? ఆ జవాబులోనే చట్టమంతా ఉందనీ, ఆ జవాబు చెప్పగలిగే శక్తి ఒకసారి పోతే తిరిగి రావడం కష్టమనీ, దాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవాలనీ చెప్పేవారు. విద్యార్థులను చూసి ఆమె కాస్త అసూయపడేవారని ఎవరైనా అంటే కాదనలేం.

గత నెల, ఈ సంచికకు ఛాయాచిత్రం అడగడానికి వ్యాసకర్త వారి ఇంటికి వెళ్ళాడు. చిన్న ముందు గది, గోడకు మాస్టారు గీసిన నెలవారీ ఖర్చుల పట్టిక, కిటికీ పక్కన రెండు పేము కుర్చీలు. మాస్టారు స్వయంగా కాఫీ కలిపి తెచ్చి, అతిథి ముఖం కేసి పరీక్షగా చూశారు.

“రుచి తేడాగా ఉందా?” అన్నారు.

మొహమాటపడి, బాగానే ఉందని చెప్పాడు. మాస్టారు ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి ఎర్రటి పొట్లం ఒకటి పట్టుకొచ్చి, విజయగర్వంతో బల్ల మీద పెట్టారు.

“మనం ఎప్పుడూ తాగేది గుర్రం బొమ్మ. ఇది జింక. నేను తేలేదు సుమా, ఆవిడే తెచ్చింది.”

మేడం గారు కళ్ళజోడు పెట్టుకుని పొట్లాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎర్రని నేల, మధ్యలో ఉరుకుతున్న తెల్లని జంతువు. దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు. ఆమె నవ్వుతారో, కోప్పడతారో తెలియక ఇద్దరు మగవాళ్ళూ ఆమె ముఖం కేసే చూస్తున్నారు.

“నేను గుర్రం అనుకునే తెచ్చానండీ” అన్నారు మెల్లగా.

ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఆఫీసులో ఎవరూ అంతటి నవ్వు వారి నోట విని ఎరుగరు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు, మళ్ళీ తుడుచుకున్నారు. అందులో నవ్వెంతో, కన్నీరెంతో చెప్పడం కష్టం. వంటగది గుమ్మంలోంచి కూతురు తొంగి చూసి, “అమ్మకేమైంది నాన్నా?” అని అడిగింది. “బజారులో పొరపడిందట” అన్నారు మాస్టారు, ఏమీ అర్థం కాక. కాస్త తేరుకున్నాక ఆమె ఈ గుర్రం, జింక పొట్లాల మీద మన దగ్గర ఫైలేమైనా నడుస్తోందా అని అడగబోయి, అంతలోనే చెయ్యి అడ్డం పెట్టి, చెప్పవద్దన్నారు. తెలిస్తే మళ్ళీ జింకను జింకలాగా చూడటం మొదలుపెడతానేమోనన్నారు.

అంతటి అపురూపమైన కన్నును ముప్పై ఆరేళ్ళు ఈ కార్యాలయం వాడుకుంది. పొరపడగలగడమే దాని విలువ అన్న సంగతి మనకు సకాలంలో తెలియలేదు. అది నయమై తిరిగి వచ్చిన వేళకు ఆమె మన బల్ల విడిచి వెళ్తున్నారు. సంస్థగా ఇది మనకు నష్టమే. మనిషిగా ఆమెకు ఇది లాభమని, ఆ రోజు ఆ ముందు గదిలో కూర్చున్నవారికి సందేహం లేదు.

కనుక మేడం గారికి ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందీ మనఃపూర్వకంగా కోరుకునేది ఇదే. మోకాళ్ళు మాట వినాలి, ఏ డబ్బా మందు రాసుకున్నా సరే. కంటికి పొర రాకూడదు, జ్ఞాపకానికి మాత్రం చక్కని మామూలు మరపు రావాలి. మాస్టారు గారితో కలిసి, సంచి చెరో చెవి పట్టుకుని, తొందరేమీ లేకపోయినా తొందరపడుతూ, నిండు నూరేళ్ళూ వారు బజారుకు వెళ్ళాలి. ఇంటికొచ్చి సంచి విప్పినప్పుడు అప్పుడప్పుడూ గుర్రానికి బదులు జింక బయటపడాలి. ఆ కాఫీని ఇద్దరూ తాగి, బాగానే ఉందనుకోవాలి.